నేనూ వెళ్తున్నా

ఆ మాట నా నోట్లోంచి జారకుండా ఉండుంటే ఈ కథే లేదు. 2024 సెప్టెంబరులో, బ్యాంకులో మధ్యాహ్నం భోజనాల దగ్గర కుర్రాళ్లంతా ఒకటే గోల. కోల్డ్‌ప్లే బ్యాండ్ వస్తోందట, జనవరిలో ముంబైలో కచేరీలట, ఆదివారం పన్నెండింటికి టికెట్లు వదుల్తారట. ఎవరు ఏ ఫోన్లోంచి ప్రయత్నించాలో పంచుకుంటున్నారు. నన్ను మాత్రం ఒక్కడూ అడగలేదు. యాభై దాటినవాడికి ఈ సంగతులెందుకని నన్నూ నా పెరుగన్నాన్నీ ఓ పక్కకి వదిలేశారు. నేనది తట్టుకోలేకపోయాను. "నేనూ వెళ్తున్నా" అన్నాను. అందరూ తలెత్తి చూశారు. "సార్, మీరు కోల్డ్‌ప్లే వింటారా!" అంది కొత్తగా చేరిన అమ్మాయి. ప్రమోషన్ వచ్చిన రోజున కూడా నాకంత హాయి కలగలేదు.

మీ దగ్గర దాపరికం ఎందుకు? అప్పటికి నాకు తెలిసిన వాళ్ల పాట ఒక్కటే. 2016లో వచ్చింది, మన ముంబై వీధుల్లో హోలీ రంగులు చల్లుకుంటూ తీసిన వీడియో. అదైనా మేనల్లుడు చూపిస్తే చూసిందే. చదవని పుస్తకం గురించి ఎవరో మాట్లాడుతుంటే తలూపనివాళ్లు, చూడని సినిమా బావుందని అననివాళ్లు మనలో ఎవరున్నారు? ఆ ధైర్యంతోనే మీకు చెప్పుకుంటున్నాను.

ఆదివారం పన్నెండు కాకముందే ఫోను, లాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా ఆ వేళకి సైటు పడిపోయింది. లేచాక నా వరస నంబరు లక్షల్లో ఉంది. ఆ రోజు టికెట్ల కోసం కోటి మందికి పైగా ఎగబడ్డారని తర్వాత తెలిసింది. అప్పటికప్పుడు మూడో రాత్రి కచేరీ కూడా కలిపారు. మూడు రాత్రులకీ కలిపి రెండు లక్షల చోట్లు కూడా లేవు. సాయంత్రం బెంగుళూరు నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, నీకు నిజంగా ఆ పాటలంటే ఇష్టమా?" అన్నాడు. ఆ ప్రశ్న నాకు నేను వేసుకోవాల్సింది. వాడి మీద విసుక్కుని ఫోన్ పెట్టేశాను.

నవంబరులో అహ్మదాబాద్ కచేరీ ప్రకటించారు. నరేంద్ర మోదీ స్టేడియం, లక్ష మందికి పైగా పడతారు, అంత పెద్ద చోట నాకొక్క కుర్చీ దొరకదా అనుకున్నాను. దొరకలేదు. ఆఫీసులో ఆ అమ్మాయి రోజూ అడుగుతోంది, "సార్, టికెట్ వచ్చిందా?" అని. లేదనడానికి నాలుక తిరగలేదు, వచ్చేసిందన్నాను. ఇక అక్కణ్ణుంచీ నా చేతుల్లో ఏమీ లేదు. ఎవరో ఇచ్చిన నంబరు, ఆ నంబరుకి మెసేజ్, అవతల పేరు తెలియని కుర్రాడు, 2,500 రూపాయల టికెట్టు 12,000 అన్నాడు, నేను భోంచేసి వచ్చేసరికి 15,000 అన్నాడు, ఇంకో ఇద్దరు అడుగుతున్నారు సార్ అన్నాడు, రాత్రి పదకొండుకి 18,000 అన్నాడు, ఇంకో అయిదు నిమిషాలే అన్నాడు, నేను స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి, డబ్బు పంపేశాను. మా ఆవిడకి వినబడకూడదని కుళాయి. ఫోన్లో డబ్బు పంపితే చప్పుడు రాదన్న సంగతి కూడా ఆ క్షణాన తోచలేదు.

ఇంట్లో అహ్మదాబాద్‌లో ట్రైనింగ్ అని చెప్పాను. విమానం ఖర్చు మామూలు రోజులకి ఎన్నింతలో లెక్కపెట్టుకోలేదు. స్టేడియం చుట్టుపక్కల హోటల్ గదుల ధర చూసి కళ్లు తిరిగి, ఎక్కడో దూరాన స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాను.

ఈ ధరలు ఎందుకిలా పెరిగాయో అప్పుడు ఆలోచించలేదు. తర్వాత తీరిగ్గా ఆలోచించాను. మా కాలంలో పాట కావాలంటే క్యాసెట్ కొనేవాళ్లం. ఆ డబ్బులో ఎంతో కొంత పాడినవాళ్లకి చేరేది. ఇప్పుడు నెలకి నూటో నూటేభయ్యో కడితే లోకంలోని పాటలన్నీ ఫోన్లో ఉంటాయి. పాట అంత చవకయ్యాక పాడేవాడికి మిగిలింది వేదికే. రాబడికి ఊరూరా తిరిగి పాడటమొక్కటే దిక్కవుతుందని గాయకుడు డేవిడ్ బౌయీ 2002లోనే తోటి కళాకారులని హెచ్చరించాడు. అలాగే అయింది. టేలర్ స్విఫ్ట్ ఎరాస్ టూర్ టికెట్ల అమ్మకం 200 కోట్ల డాలర్లు దాటింది. 2024లో ఒయాసిస్ బృందం మళ్లీ కలిసి పాడతామంటే బ్రిటన్‌లో జనం గంటలకొద్దీ వరసలో ఉన్నారు. వాళ్ల వంతు వచ్చేసరికి 150 పౌండ్ల దగ్గర ఉండాల్సిన టికెట్ 355 అయింది. గిరాకీని బట్టి ధర అప్పటికప్పుడు పెరిగే పద్ధతి అది. మన దగ్గర 500 దాటిన కచేరీ టికెట్‌కి జీఎస్టీ ఉంది, దాని మీద బుకింగ్ రుసుము. ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ నా 2,500 టికెట్ని 18,000 చేసింది వీటిలో ఏదీ కాదు. భోజనాల బల్ల దగ్గర నలుగురు నా వైపు తలెత్తి చూడాలన్న ఆశ చేసింది. అలాంటి ఆశ లక్షల మందికి ఉందని ఆ పేరు తెలియని కుర్రాడికి బాగా తెలుసు.

జనవరి 26 రాత్రి. నా చోటు స్టేడియంలో పైపైన. అక్కణ్ణుంచి కోల్డ్‌ప్లే గాయకుడు క్రిస్ మార్టిన్ చిటికెన వేలి గోరంత. పాటంతా పెద్ద తెర మీదే చూశాను. అయినా ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. గేటు దగ్గర అందరికీ ఇచ్చిన చేతిపట్టీలు ఒక్కసారిగా వెలిగి, పాటతో పాటు రంగులు మారుతుంటే, ఆ లక్ష మందిలో నేనూ ఒక వెలుగునైతే, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మార్టిన్ మన వందేమాతరం ఎత్తుకున్నప్పుడు స్టేడియమంతా గొంతు కలిపింది, నేనూ కలిపాను. అది డబ్బు దండగ అని ఎవరన్నా అంటే ఒప్పుకోను. నేను సిగ్గుపడేది ఆ రాత్రికి కాదు, అక్కడికి వెళ్లిన దారికి. ఆ పట్టీని వెళ్లేటప్పుడు తిరిగి ఇచ్చేయాలి. ఆఫీసులో చూపించడానికి జేబులో వేసుకుందామా అని చెయ్యి లాగింది. అంత ఏడ్చినవాడికి అప్పుడే ఆ బుద్ధి! ఇచ్చేసి బయటపడ్డాను.

లోపల ఉన్నంతసేపూ ఫోను పనిచెయ్యలేదు. రోడ్డెక్కాక సిగ్నల్ వచ్చింది, దాంతో పాటు మా ఆవిడ మెసేజ్. "ఏవండీ, మీరున్న ఊళ్లోనే ఏదో పెద్ద కచేరీ అట. హాట్‌స్టార్‌లో మొత్తం వేస్తున్నారు. అమ్మా నేనూ చూస్తున్నాం. ఎంత బావుందో! మీరు కూడా ఉంటే బావుండేది." ఆ జనంలో నిలబడి ఆ నాలుగు ముక్కలూ చదివాను. అంతసేపూ నా పక్కన కూర్చున్నది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి.

ఇంటికి వెళ్లగానే చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "రిపబ్లిక్ డే, పైగా ఆదివారం. ఆ రోజున ఏ బ్యాంకు ట్రైనింగ్ పెడుతుందండీ?" అంది. బయల్దేరిన రోజునే తెలుసట. నేనే చెబుతానని చూసిందట.

"టికెట్ ఎంత?" అని అడిగింది.

టికెట్ మీద అచ్చయిన ధర చెప్పాను. అది అబద్ధం కాదు కదా అనుకున్నాను.

"రెండున్నర వేలా! గుడి వెనక సభకి ఇద్దరం రెండేళ్లకి పైగా వెళ్లొచ్చు" అంది.

మా వీధి చివర ఆంజనేయస్వామి గుడి వెనక ఓ చిన్న సంగీత సభ ఉంది. సభ్యత్వం ఏడాదికి మనిషికి 500. కార్యదర్శి రిటైరైన లెక్కల మాస్టారు. ఏటా ఉగాది ముందు రశీదు పుస్తకం పట్టుకుని మా గుమ్మం ఎక్కుతారు. నేను ఏటా "వచ్చే నెల చూద్దాం మాస్టారూ" అంటాను. అక్కడ పాడినవాళ్లకి దారి ఖర్చులూ ఓ శాలువా ఇస్తారు. ముందు వరసలో కూర్చుంటే మైకు లేకపోయినా వీణ మీది గమకం కూడా వినబడుతుంది. నలభై కుర్చీలు వేస్తే సగం ఖాళీ. సాయంత్రం నడకకి వెళ్తూ ఆ గుమ్మం ముందు నుంచి ఎన్నిసార్లు దాటిపోయానో. అక్కడికి వెళ్లానని చెబితే భోజనాల బల్ల దగ్గర ఎవరూ తలెత్తరు మరి.

ఈసారి ఉగాదికి ముందే మాస్టారింటికి వెళ్లి ఇద్దరికీ సభ్యత్వం కట్టాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, చేతిలోని నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, రశీదు రాసిచ్చారు. నెలకో కచేరీకి ఇద్దరం వెళ్తున్నాం. మా ఆవిడ ముందు వరసలోనే కూర్చుంటుంది. టికెట్‌కి పైన ఇచ్చిన 15,500 సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదు.