ఆయిలే నా కండ

నేను కారు ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్ చివర బిగించిన వీవీటీ (వేరియబుల్ వాల్వ్ టైమింగ్) ఫేజర్‌ని. మా ఓనరు ఉండేది సూరత్‌లోని లింబాయత్. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి తాతల నాడే వచ్చిన పద్మశాలి కుటుంబం. ఆయన మాత్రం రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల చుట్టూ ట్యాక్సీ తిప్పుతాడు.

ఇంజన్ వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే సమయాన్ని ముందుకో వెనక్కో జరపడం నా పని. ఇలాంటి ఏర్పాటుతో 1980లోనే ఆల్ఫా రోమియో స్పైడర్ కారు వచ్చింది. నా కడుపులో రెక్కల రోటర్, రెక్కలకు అటూ ఇటూ గదులు. ఒక గదిలోకి ఆయిల్ తోస్తే రెక్క రెండో గది వైపు జరిగి రోటర్ తిరుగుతుంది, దాంతోపాటు క్యామ్‌షాఫ్టూ కొన్ని డిగ్రీలు జరుగుతుంది. మిగతా భాగాలకు ఆయిల్ అరగకుండా కాపాడే పొర. నాకు కదిలే శక్తే అది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు రోటర్‌ని చిన్న లాక్ పిన్ పట్టి ఉంచుతుంది. ఆయిల్ ప్రెషర్ ఎక్కగానే వదిలేస్తుంది.

కారు పుస్తకంలో నాకు రాసిన ఆయిల్ గ్రేడు 0డబ్ల్యూ-20. ఒక ఎండాకాలం ఓనరుకు అనుమానమొచ్చింది.

“అన్నా, ఈ ఎండకు గింత పల్చటి ఆయిల్ ఆగుతదా?”

“ఏడాగుతది తమ్మీ? 20డబ్ల్యూ-50 పోస్త, ఇంజన్ గట్టిగుంటది” అన్నాడు మెకానిక్.

బయట 40 డిగ్రీలున్నా ఇంజన్ వేడిని థర్మోస్టాట్ అదుపులో ఉంచుతుందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. పొద్దున్నే ఆ చిక్కటి ఆయిల్ సన్నటి దారుల గుండా నా దాకా ఆలస్యంగా వచ్చేది. పైగా ఆయిల్ మార్చేది కిలోమీటర్ల లెక్కనే. సిగ్నళ్ల దగ్గర ఇంజన్ ఆడిన గంటలు మీటరుకెక్కవు. పాతబడ్డ ఆయిల్ మడ్డికట్టి, నాకు ఆయిల్ పంపే కంట్రోల్ వాల్వు జాలీకి అడ్డం పడింది. ప్రెషర్ అందక లాక్ పిన్ తన గుంటలో కొట్టుకుని అంచు అరిగింది. స్టార్ట్ చేయగానే టకటకమని చప్పుడు. తర్వాత చెక్ ఇంజన్ లైటు. స్కానర్ పెడితే పీ0011, అంటే క్యామ్‌షాఫ్ట్ ఉండాల్సినదానికన్నా ముందుకు జరిగి ఉందని.

ఇంకో మెకానిక్ వాల్వు విప్పి, జాలీ కడిగి, పుస్తకంలోని ఆయిలే పోశాడు. లైటు ఆరింది. అరిగిన గుంట మాత్రం పూడదు. కొన్ని పొద్దుల్లో ఇప్పటికీ టకటకమంటాను.

చిక్కటి ఆయిలంతా బలమైన ఆయిల్ కాదు. మీ కారు పుస్తకంలో ఉన్న గ్రేడే పోయించండి. ట్రాఫిక్‌లోనే తిరిగే బండి అయితే, కిలోమీటర్లు నిండకముందే మార్పించండి.