మనోడు చానా క్లోజ్

మా కడప జిల్లాలో ఇంగ్లీషు రానివాళ్లు ఉంటారు గానీ ‘క్లోజ్’ రానివాళ్లు లేరు. అంగడి మూస్తే క్లోజ్, బ్యాంకు అప్పు తీరితే క్లోజ్, బాగా కావలసినోడైతే చానా క్లోజ్. 1999లో వచ్చిన ‘సమరసింహారెడ్డి’ లాంటి సినిమాలు చూసినవాళ్లు మా దగ్గర ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉందని గట్టిగా నమ్ముతారు. హైదరాబాదులో “మాది జమ్మలమడుగు” అనగానే పక్కాయన కుర్చీ కొంచెం జరుపుకుంటాడు. ఆయనకేం తెలుసు, మా జేబులకు కత్తుల కన్నా చుట్టరికాలతోనే ప్రమాదమని!

ప్రొద్దుటూరు సంగతే చూడండి. బంగారు అంగళ్ల పుణ్యాన రెండో ముంబై అని పేరు పడ్డ ఊరు. పెళ్లి నగల మాట ఎత్తగానే ఇంట్లో ఎవరో ఒకరు, “ఆ అంగడాయన మా మామకు చానా క్లోజ్, తరుగు తగ్గిస్తాడు” అంటారు. పోతే కుర్చీలు, టీలు, పిల్లోళ్ల చదువుల గురించి విచారణ. బిల్లులో తరుగు మాత్రం ఊరందరికీ ఎంతో మనకూ అంతే. మజూరీ దగ్గర నోరు తెరవబోతే, “మీకాడ నేను లాభం చూసుకుంటానా అన్నా?” అని నొచ్చుకుంటాడు. ఆయన టీ తాగిన నోటితో ఇంకేం బేరమాడతాం? అదే అంగట్లో, ఎవరికీ ఏమీ కాని ఒకామె అరగంట పోట్లాడి, అలిగి మెట్లు దిగి, వెనక్కి పిలిపించుకొని మనకన్నా తక్కువకే గాజులు పట్టుకుపోతుంది.

జమ్మలమడుగు ఆటోవాళ్ల లెక్కలో క్లోజ్ అంటే సుమారు 15 కిలోమీటర్లు. గండికోట ఎంత దూరమని అడిగిన బెంగళూరు పిల్లోళ్లకు ఒకాయన “క్లోజే సార్” అన్నాడు. వాళ్లు దిగాలుపడి, “మళ్లీ ఎప్పుడు తెరుస్తారు?” అన్నారు.

ఇక పులివెందుల. వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1978లో మొదటిసారి గెలిచిన చోటు, రాష్ట్రానికి ఇద్దరు ముఖ్యమంత్రులను ఇచ్చిన నియోజకవర్గం. అక్కడ ‘సార్‌కు చానా క్లోజ్’ కానివాణ్ని వెతికి పట్టుకోవడమే కష్టం. రుజువు కావాలంటే ఫోటో చూపిస్తారు. గుంపులో వెనకెక్కడో ఒక చెవి, అది ఈయనదే. చిన్న పని చేసిపెట్టమంటే “ఈ వారం వద్దులేప్పా, సార్ బిజీ” అంటారు. 2024లో ప్రభుత్వం మారాక కొన్ని ఫోటోలు హాల్లోంచి పడకగదిలోకి పోయాయి.

ఇంతకీ, నగలకని ప్రొద్దుటూరు వచ్చేవాళ్లకు ఒక మాట. మీకు క్లోజ్ అయిన అంగడి దాటి పక్కదాంట్లోకి పోండి. టీ ఇస్తే వద్దనండి.