ఏడు మార్కుల ప్రశ్నకు టీకా తాత్పర్యం

మూలం: “డబ్ల్యూ ఈక్వల్స్ జెడ్ ప్లస్ వన్ బై జెడ్ అను సంకీర్ణ పొటెన్షియల్ గల ప్రవాహమునకు స్ట్రీమ్‌లైన్లు కనుగొనుము.” (7 మార్కులు)

అవతారిక: ఇంజనీరింగు విద్యార్థి ఒకడు పరీక్ష హాల్లో పై వాక్యం చదివి, పక్కవాడి పేపరు మీదికి దృష్టి సారించి, అక్కడా తెల్లదనమే కనిపించగా నిట్టూర్చిన సందర్భం.

ప్రతిపదార్థం: జెడ్ = ఎడమ నుంచి కుడికి తిన్నగా సాగిపోయే ప్రవాహమును; వన్ బై జెడ్ = మూలబిందువు వద్ద కూర్చున్న డబ్లెట్టును; ప్లస్ = కలుపగా; ప్రవాహమునకు = జిగట లేనిదీ, నొక్కితే కుదించుకోనిదీ, లోపల సుడి లేనిదీ అయిన ద్రవమునకు (ఈ విశేషణాలు ప్రశ్నలో లేవు, అధ్యాహారం చేసుకోవాలి); స్ట్రీమ్‌లైన్లు = సై స్థిరముగా ఉండు రేఖలను; కనుగొనుము = సమీకరణం రాసి, బొమ్మ కూడా గీయుము. రెండో సగాన్ని చాలామంది వదిలేస్తారు.

అన్వయం: డబ్ల్యూలో వాస్తవ భాగం ఫై, కల్పిత భాగం సై. జెడ్‌ను ధ్రువ రూపంలో రాస్తే వన్ బై జెడ్‌లో కోణం తిరగబడుతుంది. అందుచేత మూలంలో ప్లస్‌గా ఉన్నది సైలోకి వచ్చేసరికి మైనస్ అవుతుంది: ఆర్‌లోంచి ఒకటి బై ఆర్ తీసేసి, సైన్ తీటాతో గుణించాలి. ఇక్కడ ప్లస్సే ఉంచేసి హాయిగా ముందుకు సాగిన జవాబుపత్రాలకు లెక్క లేదు. సై, సైన్ అన్న అనుప్రాసకు మురిసిపోయి ఒకదాని చోట ఇంకొకటి రాసే రసికులు వేరే.

తాత్పర్యం: సైకి సున్నా విలువ ఇవ్వండి. సైన్ తీటా సున్నా కావాలి, లేదా ఆర్ ఒకటి కావాలి. మొదటిది ఎక్స్ అక్షం. రెండోది ఒక యూనిట్ వ్యాసార్థం గల వృత్తం! ప్రశ్నలో వృత్తం అన్న మాటే లేదు. మూలంలో లేనిది రాయనని ప్రతిన పట్టిన మెదకుసీమ వ్యాఖ్యాత మల్లినాథసూరి సైతం దీన్ని ఒప్పుకునేవాడు. వృత్తం మూలంలోనే దాక్కుని ఉంది. స్ట్రీమ్‌లైన్‌ను దాటి ద్రవం పోదు గనక ఆ వృత్తాన్ని గట్టి గోడ అనుకోవచ్చు. కనుక ఇది గుండ్రటి స్తంభం చుట్టూ పారే ప్రవాహం. సైకి తక్కిన విలువలిస్తే వచ్చేవి మూడో ఘాతపు వక్రాలు. స్తంభం దగ్గర పొంగి, దూరం పోయేకొద్దీ తిన్నబడతాయి.

వేగపు పరిమాణాన్ని ఇచ్చేది డబ్ల్యూ అవకలజం: ఒకటిలోంచి జెడ్ వర్గపు విలోమం తీసేస్తే వచ్చేది. ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి దగ్గర అది సున్నా: నీరు నిలిచిపోయే చోట్లు, అంటే నిశ్చల బిందువులు. స్తంభం నెత్తిన, అంటే జెడ్ ఐ అయినప్పుడు, అది 2. దూరాన ఉన్న వేగానికి రెట్టింపన్నమాట.

అలంకారం: శ్లేష. ఇదే సూత్రాన్ని పొటెన్షియల్‌గా కాక రూపాంతరణంగా చదివితే వృత్తం మైనస్ 2 నుంచి 2 దాకా చదునైన గీత అవుతుంది. కేంద్రం కాస్త జరిపి, ఒక నిశ్చల బిందువు మీదుగా పోయే వృత్తం గీస్తే విమానం రెక్క ఆకారం వస్తుంది. జుకోవ్‌స్కీ పేరు దీనికే. నిజానికి రెండర్థాలూ ఒకటే. డబ్ల్యూ తలంలోని అడ్డగీతలే జెడ్ తలంలో స్ట్రీమ్‌లైన్లు. రెండర్థాల కావ్యాలు రాసిన మన కవులు అసూయపడాల్సిన పొదుపు.

పూర్వపక్షం: రాజమండ్రి గోదావరి వంతెన స్తంభాల వెనక సుళ్లు తిరుగుతాయే, మీ బొమ్మలో ముందూ వెనకా ఒకేలా ఉందేం?

సమాధానం: ఆక్షేపణ సబబే. ఈ బొమ్మ ప్రకారం స్తంభాన్ని నీరు తోసే బలం సున్నా. పద్దెనిమిదో శతాబ్దంలో గణితజ్ఞుడు దాలంబేర్ దీన్నే ప్రచురించి విరోధాభాసంగా వదిలేశాడు. 1904లో ప్రాండ్టల్ వచ్చి, గోడను ఆనుకున్న పలుచటి పొరలో జిగటను లెక్కలోకి తేవాలన్నదాకా ముడి వీడలేదు. సుళ్లు ఆ పొర ఊడివచ్చినందువల్ల. ప్రశ్న జిగట లేని నీళ్ల గురించి గనక జవాబు తప్పు కాదు. వంతెన కట్టడానికి మాత్రం పనికిరాదు.

పాఠాంతరం: వేగానికీ పొటెన్షియల్‌కూ నడుమ మైనస్ గుర్తు పెట్టడం లాంబ్ రాసిన ద్రవగతిశాస్త్ర గ్రంథపు సంప్రదాయం. రేఖలు మారవు, దిశ మారుతుంది. కాబట్టి విద్యార్థులారా, బాణాలు గీసేముందు మీ పాఠ్యపుస్తకం ఏ శాఖదో చూసుకోండి: మైనస్ లేకపోతే ఎడమ నుంచి కుడికి, ఉంటే కుడి నుంచి ఎడమకు.