ఇదో వచ్చేస్తినప్పా: సటీకా తాత్పర్యము

మూలం: “ఇదో వచ్చేస్తినప్పా, ఆడ్నే ఉండు!” (నంద్యాల బస్టాండు నుంచి ఆళ్లగడ్డకు, ఫోనులో.)

టీక: ఇదో = ఇదిగో; వచ్చేస్తిని = వచ్చేసితిని; అప్పా = ఓ మిత్రమా (తండ్రి అని కాదు; తనకంటే చిన్నవాణ్ణీ ఇట్లే పిలుస్తారు); ఆడ్నే = అక్కడనే; ఉండు = నిలిచియుండుము.

తాత్పర్యం: ఇంకా బయల్దేరలేదు.

విశేషం: నలభై కిలోమీటర్ల అవతలున్నవాడు వచ్చేశానంటే అబద్ధం కాదా అని కోస్తావారి ఆక్షేపణ. కాదు. అబద్ధానికి నమ్మేవాడొకడు కావాలి. ఆళ్లగడ్డ టీకొట్టులో ఉన్నవాడు ఈ మాట విని లేచి నిలబడడు, ఇంకో టీ చెప్తాడు. గంగలో గొల్లపల్లె అంటే నీళ్లలో అని కాదు, ఒడ్డున అని ఆలంకారికులు చెప్పలేదా? ముఖ్యార్థం పొసగనిచోట లక్ష్యార్థం తీసుకోవాలి; ఇక్కడ పొసగనీయనిది దూరం. వ్యాకరణమూ వక్త పక్షమే. ఆశను తెలిపేటప్పుడు జరగబోయేదాన్ని జరిగినట్టు చెప్పవచ్చని పాణిని మూడో అధ్యాయంలోనే అనుమతించాడు. “వాన పడిందా, సెనగ యేస్తిమే” అనే రైతుదీ అదే ప్రయోగం. పాణినికి రాయితీ, నంద్యాలకు జరిమానా అంటే ఎట్లా?

పోనీ, ఇది మొరటు యాస అంటారా? ‘వచ్చితిని’ అచ్చమైన గ్రాంథిక రూపం. కావ్యాల్లో దానికి దండం పెట్టి, బస్టాండులో దాని మనవడు ‘వస్తిని’ ఎదురైతే మొహం తిప్పుకోవడం పండితులకు తగదు. ఇది ఒక్క సీమకే పట్టిన జాడ్యమూ కాదు. స్పానిష్‌వాణ్ణి పిలిస్తే “యా వోయ్” అంటాడు; మాటకు మాట ‘ఇప్పటికే పోతున్నా’, భావం మాత్రం ‘వస్తున్నా’. మెక్సికోలో ‘ఆవొరీతా’ అనేది ‘ఇప్పుడే’కు ముద్దు రూపం, అది ఐదు నిమిషాలు కావచ్చు, సాయంత్రం కావచ్చు, ఎన్నటికీ కాకపోనూవచ్చు. నిఘంటువు పట్టుకుని కూర్చున్నవాడు అక్కడా ఇక్కడా ఒకే తీరున మోసపోతాడు. 1991 ఉపఎన్నికలో నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచిన పి.వి. నరసింహారావుకు స్పానిష్ కూడా వచ్చేది. ఈ రెంటికీ కలిపి టీక రాయదగినవాడు ఆయనే. ప్రధాని పదవిలో తీరికెక్కడ దొరికింది?

కాబట్టి ఫోనులో ఈ వాక్యం విన్న పాఠకులు కోప్పడక, “బస్సెక్కితివా?” అని అడగండి. “ఎక్కితి” అని జవాబొస్తే దానికీ పై సూత్రమే వర్తిస్తుంది.