ఇథియోపియా సార్

నిజామాబాద్ జిల్లాలో బయటి దేశం అంటే దుబాయే. మస్కట్, దోహా, కువైట్ కూడా దుబాయ్ కిందికే వస్తాయి. ఎవరైనా విమానం ఎక్కి వచ్చాడంటే ఆర్మూర్ నుంచి బోధన్ దాకా అడిగేవి రెండే ప్రశ్నలు: ఏం కంపెనీ, ఎంత జీతం? అమెరికా పోయొచ్చినవాడికి ఇంకొకటి కలుస్తుంది, సంబంధాలు చూస్తున్నరా అని. ఈ మూడు ప్రశ్నలకూ చిక్కకుండా తిరిగే మనిషి ఒకడున్నాడు. ఆఫ్రికా పోయి, అక్కడి పిల్లలకు ఇంగ్లీషు చెప్పి వచ్చినవాడు. ఒక్కడేమిటి, మా వైపు వెతికితే నలుగురైదుగురు తేలతారు. అందరి కథా ఒకటే కాబట్టి ఒక్క మనిషిగానే చెప్పుకుందాం. అసలు పేరు సర్టిఫికెట్లలో ఉంటుంది. ఊరు పిలిచేది ఇథియోపియా సార్ అని.

సార్ పుట్టుక శక్కర్‌నగర్ క్వార్టర్లలో. తండ్రి నిజాం షుగర్ ఫ్యాక్టరీలో గుమాస్తా. డిగ్రీ గిరిరాజ్ కాలేజీ, ఎం.ఏ. ఇంగ్లీషు ఉస్మానియా, చాలదన్నట్టు సీఫెల్ డిప్లొమా. ఇంత చదువూ చదివి ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరాడు. పన్నెండు నెలలు పని, పది నెలలు జీతం. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. తండ్రి వీఆర్‌ఎస్ కాగితం మీద సంతకం పెట్టాడు. ఇంట్లో ఇద్దరు చెల్లెళ్లు పెళ్లికున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇథియోపియా ప్రభుత్వం ఒకదాని తర్వాత ఒకటి యూనివర్సిటీలు తెరుస్తూ, పాఠాలు చెప్పేవాళ్ల కోసం ఇండియా వైపు చూసింది. జీతం డాలర్లలో అనగానే సార్ దరఖాస్తు పెట్టి, ఆ తర్వాత అట్లాస్ తీశాడు. ఇంట్లో మాత్రం అట్లాస్ చూపించలేదు. "దుబాయ్ దాటినంక కొంచెం దూరమే అమ్మా" అన్నాడు. తల్లి నమ్మింది. దుబాయ్ దాటడం ఆమెకు ప్రమోషన్‌లా వినిపించింది.

పడ్డ ఊరు అడామా. రాజధాని అడిస్ అబాబాకు సుమారు వంద కిలోమీటర్లు. అక్కడ ఏడాదికి పదమూడు నెలలు. చివరి నెల ఐదు రోజులే, లీపు వస్తే ఆరు. దానికి విడిగా జీతం ఉండదని తోటివాళ్లు గొణుగుతుంటే సార్ నవ్వాడట. పది నెలల జీతానికి అలవాటు పడ్డ ప్రాణానికి పదమూడింటికి పన్నెండు అంటే బంపర్ లాభం.

పాఠం మాత్రం తేలిగ్గా సాగింది. మన బోధన్ పిల్లల్లాగే వాళ్లూ 'ఇస్కూల్' అంటారు. సార్ కూడా 'ఇస్కూల్' అనే అంటాడు. ఒకరినొకరు దిద్దుకోవాల్సిన పని పడలేదు. చిక్కల్లా పిల్లలకు అర్థం కావడానికి ఒక్కో వాక్యం మూడుసార్లు చెప్పాల్సి రావడం. ఆ అలవాటు ఎముకల్లోకి దిగిపోయింది. ఇప్పటికీ భోజనానికి కూర్చుంటే, "చారులో ఉప్పు తక్కువ. చారులో ఏం తక్కువ? ఉప్పు తక్కువ" అంటాడు. సార్ భార్య ఉప్పు డబ్బా ముందే పక్కన పెట్టుకుని, మొదటి వాక్యానికే చేతికిస్తుంది. సార్ మిగతా రెండూ పూర్తిచేశాకే కలుపుకుంటాడు.

తిండికి ఇబ్బంది పడ్డాడనుకుంటే పొరపాటు. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో ఉపవాసమని మాంసం, పాలు ముట్టరు. ఏ హోటల్‌కు పోయినా శనగపిండితోనో బఠానీ పిండితోనో ఉడికించిన షిరో పెడతారు. మన మరాఠీ సరిహద్దు ఇళ్లలో జొన్నరొట్టెలోకి చేసే పిట్ల తిన్నవాడికి అది కొత్త కూరేం కాదు. ఇంజెరా చూడబోతే పులిసిన పెద్ద దోశ. బాధ అంతా సినిమా దగ్గర. ఇండియా మనిషి కనబడితే చాలు, షారుఖ్ ఖాన్ ఎలా ఉన్నాడని అడుగుతారు. మొదట్లో సార్ చిరంజీవి గురించి వివరించబోయాడు. ఎవరికీ ఎక్కలేదు. చివరికి షారుఖ్ బాగానే ఉన్నాడని చెప్పడం నేర్చుకున్నాడు.

తెలుగు లెక్చరర్లంతా ఒకే కాంపౌండ్‌లో అద్దెకుండేవారు. పప్పుచారు ఉమ్మడి, ఉగాది ఉమ్మడి. 2009 డిసెంబర్‌లో ఢిల్లీ నుంచి తెలంగాణ ప్రకటన వచ్చింది. మరుసటి ఉగాదికి ఆ కాంపౌండ్‌లో రెండు కుండల్లో పచ్చడి కలిసింది. ఇంటి యజమానురాలు రెండూ రుచి చూసి, తేడా ఏంటని అడిగింది. సమాధానం మాత్రం రెండు పక్షాల నుంచీ రాలేదు.

సార్ కళ్లు చెమర్చేది ఒక్క వొంజీ ప్రస్తావన వస్తేనే. అడామా పక్కనే వొంజీ చక్కెర ఫ్యాక్టరీ. డచ్చి కంపెనీ కట్టింది, 1954లో మొదలైంది. మనకు మంజీర మీద నిజాంసాగర్ ఎట్లనో, వాళ్లకు అవాష్ నది మీద కోకా డ్యామ్ అట్లా. చుట్టూ చెరుకు, మధ్యలో కార్మికుల క్వార్టర్లు. మొదటి ఆదివారమే అక్కడికి పోయి, గాలిలో మొలాసిస్ వాసన తగలగానే సార్ రోడ్డు మీద నిలబడిపోయాడు. అక్కడి కాపలావాడు అగ్గిపెట్టె వెతుక్కుంటున్నాడేమో అనుకున్నాడట. తర్వాత తెలిసిందేమంటే, వొంజీతో పాటు అక్కడి మరికొన్ని చక్కెర మిల్లుల విస్తరణకు 64 కోట్ల డాలర్ల అప్పిచ్చింది మన ఢిల్లీ సర్కారే. ఆ మాట సార్ ఇంటికి ఉత్తరంలో రాస్తే తండ్రి జవాబు రాయలేదు. 2015 డిసెంబర్‌లో బోధన్ ఫ్యాక్టరీకి తాళం పడింది. ఇది హాస్యానికి రాసే ముక్క కాబట్టి ఇక్కడితో ఆపుతాను, కాని సార్ ఆపడు. మూడుసార్లు చెబుతాడు.

తిరిగొచ్చాక మొదలైంది అసలు తంటా. అక్కడ ఆటోను బజాజ్ అంటారు, మన దగ్గర నుంచి పోయిన బండే కదా. సార్ నిజామాబాద్ బస్టాండ్ బయట నిలబడి "ఏయ్ బజాజ్" అని పిలిస్తే ఆటోవాళ్లు, ఇదెవరో ఫైనాన్స్ వసూళ్ల మనిషి అనుకుని గేరు మార్చారు. వయసు దగ్గర ఇంకో పేచీ. అక్కడి క్యాలెండర్ మన లెక్కకు ఏడెనిమిదేళ్లు వెనుక. కాబట్టి తన వయసు కూడా అంత తక్కువే అని సార్ వాదన. పుట్టిన సంవత్సరం కూడా వెనక్కి జరుగుతుంది కదా అని లెక్కల మాస్టారు ఒకరు అడ్డుపడితే, ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్‌లో వేలు పెట్టొద్దన్నాడు.

ఇక కాఫీ. ఇంటికొచ్చిన వాళ్లకు అక్కడి మర్యాద ప్రకారం కాఫీ ఇవ్వాలని పట్టుదల. పచ్చి గింజలు బొగ్గుల మీద వేయించి, సాంబ్రాణి పొగ వేసి, మొక్కజొన్న పేలాలు పెట్టి, మూడు విడతలు పోయాలి. మూడోది తాగకుండా లేస్తే ఆశీర్వాదం వదులుకుని పోయినట్టు. మొదటిసారి పొగ చూసి కింది పోర్షన్ వాళ్లు బకెట్లతో పైకొచ్చారు. రెండోసారి సాంబ్రాణి వాసనకు, ఇంట్లో ఎవరికో గాలి సోకిందనుకున్నారు. ఇప్పుడు ఎవరూ పైకి రారు. పేలాలు మాత్రం పిల్లలు వచ్చి పట్టుకుపోతారు.

వీటన్నిటి కంటే సార్‌ను కుంగదీసేది ఊరు ఆయన్ని విదేశం పోయొచ్చినవాడిగా లెక్కచేయకపోవడం. చాయ్ హోటల్లో ఆయన ఆఫ్రికా మొదలుపెట్టగానే, అబుదాబిలో ఏసీ మెకానిక్‌గా చేసొచ్చిన పిల్లగాడు, "సార్, జర జల్ది చెప్పుండ్రి, నా షాపు బందయితది" అని నాలుగు ముక్కలు ఇంగ్లీషులో గడగడా దులిపి పోతాడు. ఆ ఇంగ్లీషులో వ్యాకరణం లేదు, వేగం ఉంది. సార్‌ది దానికి తలకిందులు.

చివరి దెబ్బ వర్ని రోడ్డులో క్యాంపు పెద్దాయన కొట్టాడు. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న కుటుంబం. సార్ పరాయి జనంలో బతకడం ఎంత కష్టమో చెబుతుంటే ఓపిగ్గా విని, "మా నాన్న గుడివాడ నుంచి బండి కట్టుకుని వచ్చాడయ్యా. నేనిక్కడే పుట్టా, మనవళ్లూ ఇక్కడే. ఇప్పటికీ మా ఊరి పేరు చివర క్యాంపు అనే ఉంది. నువ్వు కొన్నేళ్లుండి వచ్చి మాకు చెప్తావేంటి?" అన్నాడు. ఆయన మాట నిజమే. సాలూర దాటితే మరాఠీ, రాకాసిపేటలో ఉర్దూ, క్యాంపుల్లో కృష్ణా జిల్లా యాస. బోధన్‌లో పరాయివాళ్ల మధ్య బతకడం గొప్ప కింద రాదు. అది ఇక్కడ రోజూ ఉండేదే.

ప్రస్తుతం సార్ వినాయక్‌నగర్‌లో గల్ఫ్ పోయే పిల్లలకు స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాడు. వాతావరణం గురించి, ఆరోగ్యం గురించి మర్యాదలు తర్వాత. మొదటి వారమంతా మూడు వాక్యాలే: నా పాస్‌పోర్టు నా దగ్గరే ఉంటుంది. నా కాంట్రాక్టు కాపీ నాకివ్వండి. చదవకుండా సంతకం పెట్టను. ఒక్కోటి మూడుసార్లు, గట్టిగా. మీ ఇంట్లో ఎవరైనా వీసా కోసం ఏజెంటు చుట్టూ తిరుగుతుంటే ముందు ఇక్కడికి పంపండి. బోర్డు మీద బ్యాచ్ పొద్దున ఒంటిగంటకు అని ఉంటుంది. ఇథియోపియాలో గంటలు సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. మీరు ఏడింటికి పంపితే సరిపోతుంది.