వస్తే కొండ, పోతే ట్రక్కు

అమెరికాలో పాత పికప్ ట్రక్కు ఉన్నవాడి దగ్గర ట్రావెల్ ట్రైలర్, అంటే వెనక కట్టుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, ఊసెత్తకండి. ఎత్తారా, స్పేస్ షటిల్ దాకా లాక్కెళ్తాడు. 2012 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో ఎండీవర్ షటిల్‌ను మ్యూజియానికి తరలిస్తున్నప్పుడు ఒక టయోటా టండ్రా దాన్ని లాగిన మాట నిజమే. షటిలూ దాని కింది చక్రాల బండీ కలిపి దగ్గర దగ్గర మూడు లక్షల పౌండ్లు. "అంతటి దాన్నే లాగిందండీ, ముప్ఫై అడుగుల ట్రైలర్ ఒక లెక్కా?" అంటాడు మనవాడు. ఆ టండ్రా లాగింది 405 ఫ్రీవే మీది ఒక్క వంతెన దాటేవరకే అన్నది మాత్రం చెప్పడు. అదీ చదునైన రోడ్డు మీద, నడక వేగంతో, ట్రాఫిక్ అంతా ఆపేశాక. మిగిలిన దారంతా షటిల్‌ను మోసినవి వేరే యంత్రాలు. అప్పుడు ఎదురుగాలి లేదు, ముందు లోయ లేదు, సీట్లో పిల్లలు లేరు.

లాగుతుందా అంటే లాగుతుంది, ఎవరు కాదన్నారు? మోస్తుందా, ఆపుతుందా అని అడిగితేనే మన వీరుడు సబ్జెక్టు మారుస్తాడు.

అతగాడి రెండో ఆయుధం ట్రక్కుతో వచ్చిన పాత బ్రోషర్. అందులో 9,000 పౌండ్లు లాగుతుందని అచ్చువేసి ఉంటుంది. ఆ అంకె ఎలా పుట్టిందో కూడా వినాలి. అందరికీ ఒకే కొలత ఉండాలని వాహన ఇంజనీర్ల సంస్థ ఎస్ఏఈ జె2807 అనే ప్రమాణం తెచ్చింది. అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎత్తును, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, గంటకు 40 మైళ్ళకు తగ్గకుండా ఎక్కాలన్నది అందులో ఒక పరీక్ష. టయోటా దీన్ని 2011 మోడళ్ళతో ఒప్పుకుంది. మిగతా పెద్ద కంపెనీలు ఆ తర్వాత కొన్నేళ్ళకు తీరిగ్గా వచ్చి చేరాయి. అంతకు ముందు, అంటే మనవాడి బ్రోషర్ అచ్చయిన రోజుల్లో, పరీక్ష పెట్టేదీ కంపెనీయే, మార్కులు వేసేదీ కంపెనీయే. పైగా ఆ మార్కులు కొత్త బండికి వచ్చినవి. ఇరవై ఏళ్ళు మంచులో, ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగి చాసిస్ తుప్పు పట్టి, స్ప్రింగులు కుంగి, ట్రాన్స్‌మిషన్ ఆయిలు నల్లబడ్డ బండికి కావు.

ట్రైలర్లు అమ్మేవాడు ఇంకో రెండాకులు ఎక్కువే చదివాడు. ముప్ఫై అడుగుల ఇంటికి 'అల్ట్రా లైట్' అని పేరు పెట్టి, 'హాఫ్ టన్ ట్రక్కు చాలు', అంటే మామూలు పికప్పే సరిపోతుంది, అని పక్కన అంటిస్తాడు. అతను చెప్పే బరువు డ్రై వెయిట్. అంటే ట్యాంకులో నీళ్ళు లేవు, అరల్లో గిన్నె లేదు. నలభై గ్యాలన్ల నీళ్ళంటేనే 330 పౌండ్లు దాటుతుంది. ఇక ఎల్లోస్టోన్ బయల్దేరే మన డాలస్ తెలుగు కుటుంబమైతే కుక్కరు, బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, దోశల పెనం లేకుండా గడప దాటదు. ఆ జాడీ ఏ కంపెనీ లెక్కలోనూ ఉండదు.

కాసేపు కూడిక చేద్దాం. ట్రక్కు పేలోడ్, అంటే తన వీపున మోయగలిగింది, 1,400 పౌండ్లు అనుకోండి. సామానుతో ట్రైలర్ 7,000 తూగింది. అందులో 10 నుంచి 15 శాతం రెంటినీ కలిపే కొక్కెం, అదే హిచ్, మీద, అంటే ట్రక్కు మీదే వాలాలి. 13 శాతం వేసుకుంటే 910. హిచ్ సామగ్రి ఓ వంద. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు 500. మొత్తం 1,510. ఐస్‌బాక్సు ఇంకా ఎక్కనే లేదు, బండి అప్పుడే పరిమితి దాటేసింది. బ్రోషర్‌లోని 9,000 మాత్రం చెక్కుచెదరలేదు!

ఇక్కడే మన మేధావికి మెరుపులాంటి ఆలోచన వస్తుంది. ముందు బరువెక్కువైందని సామానంతా ట్రైలర్ వెనక్కి సర్దుతాడు. హిచ్ మీద బరువు పది శాతం కన్నా తగ్గిందంటే ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోతే చాలు, ఆ ఊపు ట్రక్కునూ పట్టుకుంటుంది. అప్పుడు స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందన్నది వేదాంతుల ప్రశ్న.

ఇక కొండల సంగతి చూద్దాం. డెన్వర్ పడమట ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల పైన ఉంది. టర్బో లేని ఇంజను అక్కడికి చేరేసరికి దాదాపు మూడో వంతు శక్తి కోల్పోతుంది. ఎక్కడం సరే, నిదానంగానైనా ఎక్కుతుంది. దిగడమే కష్టం. బ్రేకులు కాలి పట్టుతప్పిన లారీలు ఎక్కి ఆగడానికి ఆ దారి పక్కన కంకర గట్లు కట్టి ఉంచారు. కొండకు వెంట్రుక వేసి లాగితే వస్తే కొండ, పోతే వెంట్రుక అన్నారు మనవాళ్ళు. ఇక్కడ పోయేది వెంట్రుక కాదు. ఎదురు రోడ్డులో వస్తున్నవాళ్ళు ఈ పందెంలో చేరనూ లేదు.

పాత ట్రక్కున్నవాళ్ళు ట్రైలర్ జోలికే పోకూడదా అంటే, పోవచ్చు. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చదవండి. పాత బళ్ళలో పేలోడ్ రాసి ఉండకపోతే, అక్కడున్న గరిష్ఠ బరువులోంచి ట్రక్కు అసలు బరువు తీసేయండి. ట్రక్ స్టాపుల్లో తూకం కాటాలున్నాయి, కొద్ది డాలర్లతో పనైపోతుంది. ట్రైలర్ బ్రేకులకు కంట్రోలర్ పెట్టించండి, టైర్ల తయారీ తేదీ చూడండి. అప్పటికీ లెక్క కుదరకపోతే 3,500 పౌండ్ల లోపు చిన్న ట్రైలర్లు బోలెడున్నాయి. వాటిలోనూ ఆవకాయ జాడీకి చోటుంటుంది.