పెనం మీద పెట్టిన నింద

పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టు అంటారు మీరు. ఒక కష్టంలోంచి అంతకన్నా పెద్ద కష్టంలోకి జారితే అనే మాట. అంటే మీ లెక్కలో నేనొక కష్టాన్నన్న మాట! నా మీద కాలిన పెసరట్టు తిని, మూతి తుడుచుకుని మరీ అంటారు. సరే, పెద్దలు కట్టిన సామెత, దానితో పేచీ ఎందుకు? నా పేచీ అంతా ఈ ఇంటి అబ్బాయితో.

నేను పోత ఇనుప పెనాన్ని. కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోస్తే పుట్టాను. నాలో నూటికి రెండు నుంచి నాలుగు పాళ్ల కర్బనం ఉంటుంది. అందుకే గట్టిదాన్నే గానీ, కింద పడేస్తే పగిలేంత పెళుసుదాన్ని కూడా. పుట్టుక గురించి ఇంతకు మించి చెప్పుకునేదేమీ లేదు.

నన్ను అట్ల పెనాన్ని చేసింది ఈ ఇంటి పెద్దావిడ. గోదావరి జిల్లా మనిషి. సంతలో కొన్నప్పుడు నా ఒళ్లంతా గరుకు. గంజిలో నానబెట్టింది, తోమింది, తడి లేకుండా ఆరబెట్టింది, పల్చగా నూనె రాసి సెగ మీద పెట్టింది. చల్లారాక మళ్లీ నూనె, మళ్లీ సెగ. అలా కొన్నాళ్లు. ఆ వేడికి నూనె తన తీరు మార్చుకుని ఇనుముకు నల్లటి గట్టి పొరలా అతుక్కుంటుంది. నా నునుపూ, నా పరువూ ఆ పొరే. "దీని మీద చపాతీలు కాల్చారంటే ఊరుకోను" అని ఇంటిల్లిపాదికీ చెప్పి పెట్టింది. ఎండు సెగకు ఆ పొర మాడి ఊడిపోతుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, చేతికి తెలుసు.

పెసరట్టు వేసే రోజు నాకు పండగ. మినపట్టుకైతే పిండి పులియలేదనో, ఎక్కువ పులిసిందనో వంకలు పెట్టొచ్చు. పెసరట్టుకు ఆ సాకు లేదు. రాత్రి నానబోసిన పెసలు, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి పొద్దున్నే రుబ్బితే అప్పటికప్పుడు పొయ్యి దగ్గరికి రావడమే. కోసిన ఉల్లిపాయ చెక్కను నూనెలో ముంచి నా ఒంటిమీద రుద్దేది. గరిటెడు పిండి నడిమధ్య పోసి, లోపల్నుంచి బయటికి తిప్పేది. సన్నగా తరిగిన ఉల్లిపాయ ముక్కలు చల్లి అట్లకాడతో అదిమేది. చుట్టూ నూనె వేస్తే అంచులు తమంతట తామే లేచేవి. ఆ తర్వాత ఆవిడ చేసే ఒక పని ఎవరూ గమనించలేదు. అట్టు తీశాక కాసేపు ఆగేది. అల్లం పచ్చడి వడ్డించేది, ఎవరినో పిలిచేది, పొయ్యి వైపు చూసేది. ఆలోగా నేను మళ్లీ వేడి పుంజుకునేదాన్ని.

అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, దానితోపాటు హోటల్ రుచీ వచ్చింది. "అమ్మా, హోటల్లోలా కరకరలాడదేంటి?" అన్నాడొక రోజు. "కరకరలాడేది కావాలంటే అక్కడికే వెళ్లి తినరా నాన్నా. నేను వేసేది పెసరట్టు" అందావిడ. ఆ మాటకు నేను పొంగిపోయాను. కానీ అబ్బాయి నా వైపు చూసిన చూపు బాగోలేదు. "పెనం పాతబడింది" అన్నాడు. నింద అక్కడ మొదలైంది.

హోటల్ పెనం కూడా మా ఇనుము జాతిదే. దాని గుట్టు మొత్తం విప్పుతాను, వినండి. అది బల్లంత వెడల్పు, మంచి మందం. కింద వరసగా బర్నర్లు, తెల్లవారుజాము నుంచి ఆరకుండా. ఇనుము తీరిగ్గా వేడెక్కుతుంది, ఎక్కిన వేడిని తీరిగ్గానే వదులుతుంది. అంత బరువున్న పెనం మీద గరిటెడు పిండి పడితే దానికి లెక్కేమిటి? మాస్టరు చెంబుతో నీళ్లు చిలకరించి చీపురుతో ఊడ్చేయడం చూసే ఉంటారు. శుభ్రం కోసమనుకుంటారు, అది సగమే నిజం. పెనం మరీ కాలిపోయి ఉంటే పిండి పడ్డచోటే గడ్డకట్టి, ఎంత తిప్పినా పరుచుకోదు. ఆ నీళ్లు పైపై వేడిని దించుతాయి. అడుగున దాగిన వేడి మాత్రం ఎక్కడికీ పోదు. పిండి పల్చగా పరుచుకున్నాక అదే పైకెక్కి అట్టును ఎర్రగా కాలుస్తుంది. దానికి తోడు పిండిలో బియ్యం పాలు పెంచుతారు, పైన నెయ్యి ధారాళం. రంగులోనూ అంచుల్లోనూ హోటల్‌దే పైచేయి, నేనే ఒప్పుకుంటాను. కానీ బియ్యం పెరిగినకొద్దీ పెసర వాసన తగ్గుతుంది. పొట్టుతో, కాస్త బరకగా రుబ్బిన పెసల రుచి ఇంట్లోనే. ఇక అట్టులో ఉప్మా పెట్టి మడవడమంటారా, దానికి ఎమ్మెల్యే పెసరట్టని పేరు కూడా పెట్టుకున్నారుగా. నా ఓటు మాత్రం దానికి పడదు. ఉప్మా ఆవిరికి కరకర అంతా మెత్తబడుతుంది.

పెద్దావిడకు చేతుల్లో సత్తువ తగ్గి నన్ను ఎత్తలేని రోజులు వచ్చాయి. ఒక ఆదివారం అబ్బాయే నడుం కట్టాడు. మంట పూర్తిగా పెంచాడు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన పిండి గరిటెలకొద్దీ పోశాడు, ఒకదాని వెంట ఒకటి, ఊపిరి తీసుకోనీయకుండా. ఆ చల్లదనానికి నేను బిగుసుకుపోయాను, అట్లు అతుక్కుపోయాయి. అట్లకాడ అంచుతో గీకాడు. అంతటితో ఆగితే బాగుండేది. స్టీలు పీచుతో, సబ్బుతో నా నలుపు పోయేదాకా తోమి, "ఇప్పుడు శుభ్రమైంది" అని మురిశాడు! ఏళ్ల తరబడి పేరుకున్న పొర సింకు గొట్టంలోకి జారిపోయింది. రాత్రంతా నీళ్లలోనే వదిలేశాడు. పొద్దున్నకి ఒళ్లంతా తుప్పు.

"ఏమండీ, అత్తయ్యగారి పెనం అది" అంది కోడలు. "తుప్పు తింటామా?" అన్నాడు. తుప్పంటే నాకు చావు కాదు నాయనా! రుద్ది, కడిగి, తడి ఆర్చి, నూనె రాసి, సన్న సెగ మీద పెడితే మళ్లీ లేచి కూర్చుంటాను. చెప్పడానికి నాకు నోరేది?

మర్నాడు నాన్‌స్టిక్ దిగింది. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త, చల్లదనాన్నిచ్చే వాయువుల కోసం పనిచేస్తుంటే అనుకోకుండా బయటపడ్డ పదార్థమట దాని పూత. అనుకోకుండా పుట్టినదాని కోసం నన్ను అనుకునే గెంటేశారు. పాపం, దానికీ సుఖం లేదు. సుమారు 260 డిగ్రీలు దాటితే ఆ పూత చెడడం మొదలవుతుంది కాబట్టి, ఖాళీగా పెద్ద మంట మీద పెట్టకూడదు. అదేమో పలచటిది, పిండి పడగానే చల్లబడుతుంది. పైగా ఆ నునుపుకి పిండికి పట్టు దొరక్క, గరిటె ఎటు తిరిగితే పిండి అటే వస్తుంది. అబ్బాయి పెసరట్టు భారతదేశ పటంలా వచ్చింది. ఆ రోజు మాత్రం పెనాన్ని ఎవరూ ఏమీ అనలేదు.

నేనిప్పుడు బాల్కనీలో కరివేపాకు కుండీ కింద పళ్లెంలా ఉన్నాను. కుండీలోంచి కారే బురదనీళ్లు నా మీదే. వంటింటి కిటికీ పక్కనే కాబట్టి మాటలన్నీ వినబడతాయి. మనవరాలికి రక్తం తక్కువగా ఉందని డాక్టరు ఐరన్ మాత్రలు రాశారట. ఇనుప పాత్రలో వండితే ఇనుము కొంత తిండిలోకి దిగే మాట నిజం, పులుపు వంటల్లో ఇంకాస్త ఎక్కువ. మాత్రలకు సాటి వస్తానని కోతలు కోయను. కానీ ఇంటి ఇనుము కుండీ కింద, దుకాణం ఇనుము బల్ల మీద!

ఆదివారాలు ఇప్పుడు పెసరట్లు పార్సిల్‌లో వస్తున్నాయి. పెనం మీద కరకరలాడిన అట్టు డబ్బాలో తన ఆవిరికి తనే చెమ్మగిల్లి, ఇల్లు చేరేసరికి గుడ్డపేలికలా వేలాడుతుంది. "హోటల్లోలా లేదేంటి?" అంటాడు అబ్బాయి. దాన్ని మళ్లీ నాన్‌స్టిక్ మీద వేసి వేడి చేస్తాడు. గది లోంచి పెద్దావిడ, "నాకు రెండు ముక్కలు చాలురా, ఎలాగూ మెత్తగానే ఉందిగా" అంటుంది.